డెలివరీకి పదిహేను రోజులు

ఏప్రిల్ పదో తేదీన ధర్మవరం పట్టుచీరల మార్కెట్‌లో ఏజెంట్ కిరణ్‌ని పట్టపగలే కాల్చేశారు. అతని దగ్గర పిస్టల్ కూడా లేదు. దాడి మర్నాడని నమ్మి, చోటు చూసి రావడానికి పోయాడు పాపం.

మర్నాడని లెక్కగట్టి చెప్పింది నాగజ్యోతి. హిందూపురంలో జిరాక్స్ షాపు నడుపుతూ కనిపించే ఆమె కూడా ఇంటెలిజెన్స్ ఏజెంటే. విదేశీ ముఠాలో చొరబడి కోడ్ మెసేజ్‌లు తెచ్చిచ్చేది ప్రియదర్శిని. లిప్‌స్టిక్ చెదరదు, మాట తడబడదు. 'ధర్మవరం పార్టీ. ఆర్డర్ ఏప్రిల్ 1, డెలివరీ 10 రోజులు.' డెలివరీ అంటే హత్య. నాగజ్యోతి స్ప్రెడ్‌షీట్‌లో తేదీకి పది కలిపితే పదకొండు వచ్చింది. ప్రియదర్శిని చూసి, "కరెక్టే" అంది. కిరణ్ పోయాక కూడా, ముఠా ఒకరోజు ముందే కదిలిందని అందరూ సరిపెట్టుకున్నారు.

కొత్త మెసేజ్: 'పెనుకొండ పార్టీ. ఆర్డర్ ఏప్రిల్ 6, డెలివరీ 15 రోజులు.' షీట్ ఇరవై ఒకటి చూపించింది. పెనుకొండ గెస్ట్‌హౌస్‌లో దాచిన డ్రోన్ ఇంజనీరు నారాయణస్వామికి ఆ రోజు తెల్లవారుజాము నుంచి కమాండోల కాపలా. అంతదాకా తోడు ప్రియదర్శినే.

ఇరవయ్యో తేదీ ఉదయం పదింటికి ఫోన్ మోగింది. కిరణ్ తల్లి అన్నపూర్ణమ్మ.

"ఏమ్మా, పదకొండో దినానికి వస్తానంటివి. యాడుండావు?"

"రేపు కదమ్మా?"

"ఈపొద్దే. పోయిన దినాన్నే ఒకటి అంటాం. వాడు పోయిన దినాన్ని లెక్కలో ఎట్లా వదిలేస్తామమ్మా?"

నాగజ్యోతి ల్యాప్‌టాప్ తెరిచింది. షీట్‌లో రెండు తేదీలు కొట్టింది. ఏప్రిల్ 10లోంచి ఏప్రిల్ 1 తీసేస్తే తొమ్మిది. మొదటి రోజును కలిపితేనే పది. ముఠా లెక్క అదే. అంటే పదిహేనో రోజు రేపు కాదు, ఇవాళ.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ప్రియదర్శిని హిందూపురం పిల్ల. ఈ లెక్క ఆమెకు తెలియకపోవడమా? తెలిసే "కరెక్టే" అంది. తనూ గోరంట్లలో పుట్టిందే, అయినా షీట్‌ను నమ్మి ఇంటి లెక్క మరిచింది. కిరణ్‌ని మింగిన ఆ తప్పుకు తనను తాను తిట్టుకుంది.

బాస్ మురళీధర్‌కి ఫోన్ చేసింది.

"టీమ్ రావాలంటే రెండు గంటలు పడుతుంది. ఆగు."

"ఆగలేను సార్. పోతాండా."

గెస్ట్‌హౌస్ తలుపు తోసేసరికి నారాయణస్వామి కాఫీ కప్పు ఎత్తుతున్నాడు. ఎదురుగా కూర్చున్న ప్రియదర్శిని ఉంగరం మూత ఇంకా తెరిచే ఉంది. పెదవికి తగలబోయిన కప్పును నాగజ్యోతి ఒక్క దెబ్బతో ఎగరగొట్టింది. ప్రియదర్శిని జుట్టు పట్టి బల్లకు అదిమి, పెన్నులా కనిపించే పిస్టల్‌ను చెవికి ఆనించింది. కాల్చేయాలనే ఉంది. కానీ ఇంత సులువుగా చావనిస్తే కిరణ్‌కి అన్యాయం చేసినట్టే అనిపించింది.

సాయంత్రం కోర్టు పద్నాలుగు రోజుల రిమాండ్ వేసింది. వ్యాన్ ఎక్కుతూ ప్రియదర్శిని అడిగింది.

"ఈపొద్దుతో కలిపే కదా?"

నాగజ్యోతి వ్యాన్ తలుపు వేసి గడియ పెట్టింది.

"నీకు షీట్ లెక్కే. రేపు ఒకటి."