జీపు చక్రాల ముందు నిమ్మకాయలు

కావ్యశ్రీ గబగబా మెట్లెక్కి వచ్చింది. హోసూరు పాత బజారులో మేడ మీద ఉన్న ఆ చిన్న ఆఫీసులో పిల్లప్ప ఆమెకు కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇచ్చాడు. ఆమె కూర్చోనూ లేదు, తాగనూ లేదు.

"రేపు మా మామ కర్మ. అది అయిపోతానే ఠాణాకి పోయి, నాయన్ను చంపింది నేనే అని రాసిస్తానంటా ఉండాడు నా మొగుడు," అంది. "ఆయన చంపలేదు మేడం. ఆ మాట ఆయన చేతనే ఒప్పించలేకుండా ఉండాను."

"మొదటి నుంచి చెప్పమ్మా," అంది నేత్ర.

నేత్ర ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి ప్రమాదాల్లో నలిగిన బండ్లు పరీక్షించేది. అబద్ధం చెప్పే మనుషుల కన్నా బండ్లే నయమని తేలాక సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. రిటైరైన బస్సు కండక్టరు పిల్లప్ప ఆమెకు సహాయకుడు. ఆమెకు తెలియనిది లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం. ఎదురు చెప్పినవాళ్లతో మాట్లాడటం మానేసేవాడు కూడా.

కావ్యశ్రీ చెప్పింది. మామ ముత్యాలప్ప బాగలూరు దగ్గర గులాబీ తోటల రైతు. వయసులో ఉండగా ఒక ఫోర్ వీల్ జీపు కొన్నాడు. అది పూలబుట్టల్ని మోసింది, పెళ్లికూతుళ్లని మోసింది, పురిటి నొప్పులు పడే ఆడవాళ్లని ఆస్పత్రికి మోసింది. చివరికి షెడ్డులో పడి కోళ్లకు గూడైంది. ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నకొడుకు తిలక్, అంటే కావ్యశ్రీ భర్త, సెలవు దొరికినప్పుడల్లా దాన్ని విప్పి, తుప్పు గీకి, మళ్లీ బండిని చేస్తున్నాడు. ఆయుధపూజ నాడు గుమ్మడికాయ కోసం అతను హోసూరు వచ్చాడు. తిరిగి వెళ్లేసరికి జీపు షెడ్డులోంచి వెనక్కి దొర్లి, తండ్రిని గుద్ది, వాకిట్లో నీళ్ల గాబుకు ఆనుకుని ఉంది. ముత్యాలప్ప తల బండకు కొట్టుకుంది. అప్పటికే ప్రాణం పోయింది.

"చక్రం వెనక రాయి పెట్టినానన్నాడు. యాడ వెతికినా రాయి లేదు. మా బావ ఉదయ్ కుమార్ ఊరందరి ముందర, రాయి పెట్టకుండా నాయన్ని చంపినావు, శవాన్ని తాకొద్దన్నాడు. పాడె కూడా మోయనీలేదు. మొదట్లో మా ఆయన పెట్టినా, పెట్టినా అని వాదించినాడు. ఇప్పుడు పెట్టలేదేమో అంటా ఉండాడు."

అందరూ కలిసి ఒకే మాట అంటే మనిషి తన చేతుల్ని తానే నమ్మకుండా పోతాడు. అందులో వింత ఏమీ లేదు. నేత్ర లేచి చెప్పులు వేసుకుంది.

ముత్యాలప్ప వాకిట్లో, ఎస్సై తాకవద్దని చెప్పి వెళ్లినందువల్ల జీపు ఇంకా గాబు దగ్గరే ఉంది. నేత్ర ముందు షెడ్డులోకి నడిచింది. నేల వాకిటి వైపుకు కొంచెం వాలుగా ఉంది. జీపు ఇంతకాలం నిలబడిన చోట ఇంజను ఆయిలు కారి నల్లటి మరక కట్టింది. వెనక చక్రం ఉండే చోట సిమెంటు మీద పసుపు గీత ఒకటి ఉంది, నలుచదరంగా. తర్వాత ఆమె గాబు దగ్గర జీపు చుట్టూ తిరిగింది. నాలుగు టైర్లకూ సరిగ్గా ముందు నాలుగు నిమ్మకాయలు ఎండి ఉన్నాయి. ఒక్కటీ చితకలేదు. పిల్లప్ప కూడా వంగి చూశాడు. నిమ్మకాయలే కదా అనుకున్నాడు.

ఉదయ్ కుమార్ కోపంగానే మాట్లాడాడు. "హ్యాండ్ బ్రేకు పైకి లాగే ఉండింది. నా కండ్లతో చూసినాను. అయినా దొర్లిందంటే వీడు దాన్ని ఏం చేసి పెట్టినాడో."

తిలక్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కనే రాగిముద్ద గిన్నెతో పక్క తోట లోకనాథ్, చిన్ననాటి స్నేహితుడు. ముద్ద తుంచి పులుసులో అద్ది నోటికి అందిస్తున్నాడు. వాడొస్తేనే తింటాడని కావ్యశ్రీ నెమ్మదిగా చెప్పింది.

"హ్యాండ్ బ్రేకు ఎందుకు పట్టలేదు తిలక్?"

"ఈ జీపులో అది చక్రాన్ని పట్టుకోదు మేడం. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టును పట్టుకుంటుంది. ఆ షాఫ్టు విప్పేసినాను. ఇంక లాగినా ఒకటే, లాగకున్నా ఒకటే. గేరు కూడా అంతే. అందుకే రాయి పెట్టినా... పెట్టినాననే అనుకుంటా."

"షాఫ్టు విప్పిన సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు, ఈ లోకాకు. ఇద్దరమే దించినాము. నాయనకు చెప్పాలనుకున్నా. చెప్పలేదు."

"ఆ రాయి ఎక్కడిది?"

"చేని గట్టున పాడుబావి కాడ మట్టిలో పడుండింది. చెక్కిన రాయి. ఒక మనిషి మోయగలడు."

లోకనాథ్ గిన్నె పక్కన పెట్టాడు. "నేను ఆ పొద్దు తోటలోనే ఉండా మేడం. కేకలు వినబడినాకే వచ్చినా. పెద్దాయనే రాయి తీసి నిమ్మకాయలు పెట్టుంటాడు. వీని తప్పేం లేదని నేను అందరికీ చెప్తానే ఉండా."

లోపలి గదిలో ముత్యాలప్ప భార్య జయలక్ష్మమ్మ మూలన కూర్చుంది. భర్త పోయిన ఆడదాన్ని కౌగిలించుకుని ఏడ్చేవాళ్లు చాలామంది వస్తారు గానీ, ఏం చూశావని అడిగేవాళ్లు ఒక్కరూ రారు. బయట రాయి గురించి అంత గొడవ జరిగిందని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేత్ర అడిగింది.

"పారకి, కొడవలికి, బండికి, అన్నిటికీ పసుపు పూసినానమ్మా. చక్రం వెనక రాయికీ పూసినా. మట్టి పోయేట్టు కడిగి పూసినా. బండిని పట్టుకోనుండేది అదే కదా."

"నిమ్మకాయలు మీరే పెట్టారా?"

"లేదమ్మా, తట్టలోనే ఉంచినా. బండి తోలేవాడే పెట్టల్ల. తిలక్ రానీలే అన్నాడు ఆయన."

"రాయిని చూసి ఆయన ఏమైనా అన్నారా?"

"శానాసేపు చూసినాడు. లోకనాథును పిలువు, బొరుగులు తింటాడు అన్నాడు. కంచె కాడికి పోయి నేనే పిలిచినా. మళ్లీ వంటింట్లోకి పోయినా."

నేత్ర బయటికి వచ్చి, లోకనాథ్ తోట వైపు కొత్తగా వేసిన కంచెనూ దాని వెంట కొత్త కంపెనీకి వేస్తున్న దారినీ చూసి, పిల్లప్ప చెవిలో ఏదో చెప్పింది. ఆయన గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రం అందరూ షెడ్డు ముందర చేరారు. ఎస్సై కూడా వచ్చాడు.

"తిలక్ రాయి పెట్టాడు," అంది నేత్ర. "ఈ పసుపు గీత చూడండి. రాయికి పసుపు పూస్తే దాని అంచున నేలకు అంటింది. పసుపు పూసేటప్పటికి రాయి ఇక్కడే ఉంది."

తిలక్ తల ఎత్తాడు. ఉదయ్ కుమార్ వంగి ఆ గీతను చూశాడు.

"ఇక నిమ్మకాయలు. బండి ఈ ఆయిలు మరక దగ్గర నిలబడి ఉండగా పెట్టి ఉంటే, ఇక్కడే మిగలాలి. బండి దొర్లింది వెనక్కి. నిమ్మకాయలు బండి వెంట నడిచి పోవు కదా. మరి గాబు దగ్గర టైర్ల ముందుకు ఎలా వచ్చాయి?"

పిల్లప్ప ఉండి ఉంటే పొంగిపోయేవాడు.

"బండి దొర్లి ఆగాక పెట్టారు. నిమ్మకాయల మీద బండి తొక్కించడానికి పెద్దాయనే రాయి తీశాడని అందరూ అనుకోవాలని. ఏటా చూసిన పని, ఏటా చేసిన పని. చక్రం ఎక్కడుంటే అక్కడ నిమ్మకాయ. చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది. ముత్యాలప్ప గారు ఆ పక్కనే పడి ఉన్నారు."

జయలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెద్దాయనే తీసి ఉంటే రాయి ఇక్కడే పక్కన ఉండాలి. కానీ రాయే మాయమైంది. అంటే వచ్చినవాడికి కావలసింది అదే. హ్యాండ్ బ్రేకు పట్టదని కూడా వాడికి తెలుసు. కేకలు విన్నాకే వచ్చానన్నావు లోకనాథ్. అంతకుముందే జయలక్ష్మమ్మ గారు నిన్ను పిలిచారు."

అప్పుడే పిల్లప్ప కానిస్టేబులుతో వచ్చాడు. ఇద్దరూ కలిసి గోనెసంచి దించి విప్పారు. చెక్కిన రాయి. ఒక ముఖాన పసుపు, కుంకుమ ఇంకా అంటి ఉన్నాయి. ఆ పసుపులో బాణం గుర్తు స్పష్టంగా కనబడుతోంది.

"లోకనాథ్ తోటలో, వాడిన పూలు పారబోసే దిబ్బ కింద," అన్నాడు పిల్లప్ప ఆయాసపడుతూ.

"ఈ బాణం గుర్తున్నది మీ రెండు చేల మధ్య హద్దు చూపే సర్వే రాయి," అంది నేత్ర. "దీన్ని పెరికి పాడుబావి దగ్గర పారేసి, కంచె జరిపి, ఆ జరిపిన నేలను కొత్త కంపెనీకి దారిగా అమ్ముకున్నావు. తిలక్‌కు తెలియదు, ఏదో రాయి అనుకుని తెచ్చాడు. మట్టి కడిగి పసుపు పూస్తే గుర్తు తేలింది. ముత్యాలప్ప గారు గుర్తుపట్టారు. పది మందిలో పరువు తీయకుండా నిన్నొక్కడినే పిలిచి అడిగారు."

లోకనాథ్ నేల చూపులు చూశాడు. "సర్వేయర్ని పిలుస్తానన్నాడు," అన్నాడు చివరికి. "మాట్లాడి మాట్లాడి బండి వెనక బొట్టు పెట్టేదానికి పోయినాడు. నేను రాయి మాత్రం లాక్కుందామనుకున్నా మేడం. అంతే."

"షాఫ్టు దించింది నువ్వే. రాయి లాగితే ఏమవుతుందో నీకు తెలుసు. పోనీ, ఆ క్షణంలో మరిచిపోయావనుకుందాం. ఆయన పడినాక లేపావా? కేక వేశావా? కూర్చుని నిమ్మకాయలు సర్దావు."

తిలక్ లేచి నిలబడ్డాడు. కొట్టబోతున్నాడని కానిస్టేబులు అడ్డం వచ్చాడు. అతను కొట్టలేదు.

"నీ చేతి ముద్ద తిన్నానే లోకా," అన్నాడు. "అమ్మ పెడితే తినలేదు. నీ చేతిది తిన్నాను."

ఎస్సై అతన్ని తీసుకెళ్లాడు. పోలీసు జీపు చప్పుడు దూరమైంది. ఉదయ్ కుమార్ తమ్ముడి వైపు ఒక అడుగు వేసి నిలిచిపోయాడు. తండ్రి శవాన్ని తాకనివ్వని పాపం గుర్తొచ్చింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

అంతలో జయలక్ష్మమ్మ నేల మీద కూలబడింది.

"నేనే పిలిచినానప్పా," అంది. "కంచె కాడ నిలబడి, రా నాయనా, బొరుగులు తిందువు రా అని ఈ నోటితోనే పిలిచినా. వాణ్ని నేనే తెచ్చినా. ఆయన్ని నేనే చంపినా."

తిలక్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు కాదమ్మా," అన్నాడు. "నీకేం తెలుసు. తెలిసి చేసినావా? నువ్వు చంపలేదు."

అంటూ అంటూనే ఆగిపోయాడు. ఇన్నాళ్లూ కావ్యశ్రీ తనకు చెప్పి చెప్పి అలసిపోయిన మాటలే అవి. అతను భార్య వైపు చూశాడు. ఆమె ఏడుస్తూ తల ఊపింది. తిలక్ తల్లి ఒడిలో తల పెట్టుకుని, తండ్రి పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. ఉదయ్ కుమార్ వచ్చి తమ్ముడి పక్కనే నేల మీద కూర్చున్నాడు.