సమీరా సీసాలో సముద్రం

సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటలకు సమీరా ఒక తప్పు చేసింది. చేసేటప్పుడు అది తప్పని అనుకోలేదు. పైగా శానా తెలివైన పని అనుకుంది.

అప్పుడామె సముద్రంలో మోకాళ్ల లోతున నిలబడి ఉంది. చేతిలో రెండు లీటర్ల ఆకుపచ్చ బాటిల్. దాంట్లో ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్లు. సమీరా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అమ్మ షాహీనా సరుగుడు చెట్ల నీడలో దుప్పటి పరుస్తోంది. తమ్ముడు నిస్సార్ ఇసుకలో గుంత తవ్వుతున్నాడు. నాయనకు అమ్మ అయిన జేజి సర్దార్ బీ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అల వచ్చినప్పుడల్లా రెండడుగులు వెనక్కి వేస్తోంది.

ఎవరూ ఇటు చూడటం లేదు. సమీరా మూత తీసి బాటిల్ వంచింది. మంచినీళ్లు గుడగుడమంటూ సముద్రంలో కలిసిపోయాయి. తర్వాత బాటిల్‌ను అలలో ముంచి, నిండేదాకా పట్టుకుని, మూత గట్టిగా బిగించింది.

ఎందుకు చేసిందంటే, దానికో కథ ఉంది.

వాళ్లది బద్వేలు. నాయన పీర్ బాషా పరుపులు కుడతాడు. ఆ ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అరవై ఆరేళ్ల జేజి చూసిన పెద్ద నీళ్లంటే ఊరి చెరువే, అది కూడా నిండిన ఏడు మాత్రమే.

ఒకరోజు జేజి పక్కింటి ఓబుళేశును పట్టుకుంది. ఆయన ఆర్టీసీ బస్సులో కండక్టర్.

"ఆడోళ్లకు బస్సు ఊరికేనంట గదప్పా. ఆ బస్సు సముద్రం కాడికి గూడా పోతాదా?"

"పోతాది పెద్దమ్మా," అన్నాడు ఓబుళేశు. "పేరున్న బీచ్‌లకు పోతే జనం, దిగినాక మళ్లా ఆటో ఖర్చు. నా మాటిని నెల్లూరులో దిగి పెదరేవుపాలెం బస్సెక్కండి. ఆఖరి స్టాపు. సరుగుడు తోపు దాటితే సముద్రమే. కానీ ఆడ అంగడి ఉండదు. అన్నం, నీళ్లు మీరే పట్టుకోని పోవాల. తిరుగు బస్సు మూడింటికి. అది తప్పితే ఇంగ లేదు."

నాయనకు పెళ్లి పరుపుల పని ఉంది కాబట్టి రాలేదు. మిగిలిన నలుగురూ తెల్లవారుజామున మొదటి బస్సెక్కారు. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి జీరో టికెట్లు ఇచ్చాడు. నాలుగేళ్ల నిస్సార్‌కు అది కూడా అక్కర్లేదు. జేజి మాత్రం తన టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి నడుము సంచిలో దాచుకుంది.

"దాంట్లో సున్నానే గదా జేజీ, ఎందుకు దాస్తాండావు?" అంది సమీరా.

"సున్నా అయితే ఏం. సముద్రం చూసిన చీటీ అది," అంది జేజి.

రెండో బస్సు దిగేసరికి ఒక బాటిల్ ఖాళీ అయింది. అమ్మ ఆకుపచ్చ బాటిల్‌ను సమీరా చేతికిచ్చింది. "ఇదొక్కటే ఉండాది. ఇది నీ పూచీ," అని మరీ చెప్పింది.

ఇక బడి సంగతి. శుక్రవారం స్వర్ణలత టీచర్ సముద్రం పాఠం చెప్పింది. సముద్రం చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

"సముద్రం ఉప్పగా ఉంటాదంటే నేను నమ్మను," అంది సమీరా పక్కన కూర్చునే దీవెన. "అన్ని నీళ్లకు ఉప్పు ఎవరు తెచ్చి ఏస్తారు?"

"ఆదివారం పోతాండా. బాటిల్ నిండా తెస్తా. నువ్వే చప్పరించి చూడు," అంది సమీరా. క్లాసంతా విన్నది. మాట ఇచ్చినట్టే అయింది.

సముద్రం దగ్గర నిలబడి సమీరా ఆలోచించింది ఇదీ. సముద్రం నీళ్లు తాగడానికి పనికిరావు, ఆ మాత్రం ఐదో తరగతి పాపకు తెలుసు. కానీ పక్కనే ఇంత సముద్రం ఉన్న ఊరికి నీళ్ల కరువేముంటుంది? వీధికి రెండు కుళాయిలు ఉంటాయి, తిప్పితే ధారగా పోస్తాయి. కావాల్సినప్పుడు పోయి పట్టుకు రావచ్చు. నీళ్ల కోసం బిందెలు వరసలో పెట్టే వీధిలో పెరిగిన పిల్లకు, ఇంత నీళ్లు ఒకేచోట చూశాక, అంతకంటే వేరే ఆలోచన రాలేదు.

బాటిల్‌ను సంచి అడుగున, తువ్వాలు కింద పెట్టేసింది.

ఒంటిగంటకు అన్నాలకు కూర్చున్నారు. అమ్మ చిత్రాన్నం, చెనక్కాయల కారం తెచ్చింది. ఇంట్లో తిన్నట్టే ఎర్రగా కలుపుకున్నారు. నాలుగు ముద్దలకే నిస్సార్ ముక్కు కారింది.

"నీళ్లు," అన్నాడు వాడు.

"సమీరా, బాటిల్ తే," అంది అమ్మ.

సమీరా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. కుళాయి సంగతి చెబుదామనుకుంది. కానీ అమ్మ ముఖం చూస్తే నోటికి వేరే మాట వచ్చింది.

"అమ్మా... మూత సరిగా పెట్టలేదు. నీళ్లన్నీ కారిపోయినాయి."

అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఎండ వైపు ఒకసారి చూసి, "సరేలే, ఏం చేస్తాం," అంది అంతే.

నిస్సార్ బొమ్మల బాటిల్‌లో అడుగున రెండు గుక్కలున్నాయి. జేజి వాటిని వాడికే తాగించింది. అన్నం తిన్నాక వేసుకునే బీపీ మాత్ర ఆమె అరచేతిలో ఉంది. దాన్ని కాసేపు చూసి, మళ్లీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టేసింది. తర్వాత కొంగుతో పెదవులు తుడుచుకుని చెట్టుకు ఆనుకుంది.

"అత్తా, కళ్లు తిరుగుతాండాయా?" అని అమ్మ మెల్లగా అడిగింది.

"ల్యా. కొంచెం నాలుక పిడచకట్టుకపోతాండాది, అంతే," అంది జేజి. ఆమె గొంతు బొంగురుగా ఉంది.

సమీరాకు ఒకటి గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం జేజి ట్యాంకర్ వరసలో నిలబడి, ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రెండు సెలైన్ సీసాలు ఎక్కించాక గానీ కళ్లు తెరవలేదు. ఇప్పుడు బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఇక్కడ ఆసుపత్రి ఎక్కడుందో కూడా తెలియదు.

"నేను పోయి నీళ్లు తెస్తా," అని లేచింది.

"అదో, ఆ కనపడే ఇండ్ల కాడికే పో. అంతకు మించి పోవద్దు," అంది అమ్మ.

సమీరా సంచి భుజానికి వేసుకుని పరుగెత్తింది. సంచిలో సముద్రం బరువుగా ఊగుతూ నడుముకు కొట్టుకుంటోంది.

మొదటి ఇంటి ముందు ఒకామె వల మీద చేపలు ఎండబెడుతోంది.

"పెద్దమ్మా, కుళాయి యాడుండాది?" అంది సమీరా రొప్పుతూ.

ఆమె నడుము నిటారుగా పెట్టి నవ్వింది. "కుళాయా? ఈడ కుళాయి లేదు పాపా. బోరు ఏసినా ఉప్పునీళ్లే పడతాయి. తాగే నీళ్లు ట్యాంకర్‌లో వస్తాయి, రోజు మార్చి రోజు. ఇయ్యాల రాదు."

సమీరా ఇంటి వైపు చూసింది. ఆ ఇంటి పంచలో నీలం రంగు డ్రమ్ము ఉంది. దాని మీద మూత, మూత మీద రాయి. పక్కన మేకుకు వేలాడుతూ పొడుగు కాడ గరిటె. అచ్చం బద్వేలులో వాళ్ల పంచలో ఉన్నట్టే ఉంది.

ఇంత సముద్రం పక్కన ఉండి కూడా వీళ్లు మూత మీద రాయి పెట్టుకుంటారని సమీరా కలలో కూడా అనుకోలేదు.

"అయితే వద్దులే పెద్దమ్మా," అని వెనక్కి తిరగబోయింది.

"ఆగు. ఎంతమంది ఉండారు మీరు? ముసలోళ్లు ఎవరన్నా ఉండారా?"

"మా జేజి ఉండాది. మాత్ర ఏసుకోవాల," అంది సమీరా. చెప్పేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఉండాదా, మళ్లా పోతానంటావు. సీసా తే," అందామె. ఆమె పేరు కృపమణి.

సమీరా తువ్వాలు తీసి బాటిల్ బయటపెట్టింది. ఇంక దాచడానికి ఏమీ లేదు.

"ఇది నిండుగానే ఉండాదే," అంది కృపమణి.

"అది సముద్రం."

తర్వాత మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. దీవెన, క్లాసు, పారబోసిన మంచినీళ్లు, అమ్మకు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పేసింది. కృపమణి అన్నీ విని, డ్రమ్ము మీద రాయి దించింది.

సమీరా మూత తీసి, గుమ్మం పక్కనున్న మల్లె మొక్క మొదట్లో బాటిల్ వంచబోయింది. కృపమణి చప్పున ఆమె మణికట్టు పట్టుకుంది.

"దానికొద్దు పాపా. ఉప్పుకు చచ్చిపోతాది. గిన్నెలు కడిగిన నీళ్లు పోసి పెంచుకుంటాండా దాన్ని."

సమీరా దూరంగా పోయి ఇసుకలో పోసింది. క్లాసంతటికీ ఇచ్చిన మాట రెండు నిమిషాల్లో ఇసుకలో ఇంకిపోయింది. దీవెన ముఖం గుర్తొచ్చింది. అయినా చెట్టుకు ఆనుకున్న జేజి ముఖం దానికంటే ముందు నిలబడింది.

"బాటిల్ కడుక్కునేదానికి ఒక్క గుక్క ఇయ్యి పెద్దమ్మా, చాలు," అంది.

కృపమణి పోసింది. సమీరా బాటిల్‌ను అన్ని వైపులా తిప్పి తిప్పి ఆడించింది. ఆ నీళ్లను పారబోయలేదు. ముఖం చిట్లించుకుని తానే తాగేసింది.

కృపమణి చూస్తూ ఉంది. "మీది యా ఊరు?" అని అడిగింది.

"బద్వేలు. కడప జిల్లా."

"అట్ల చెప్పు," అని ఆమె గరిటెతో ముంచి ముంచి, బాటిల్ అంచుదాకా నింపింది.

తిరిగి వచ్చాక సమీరా బాటిల్ ఇవ్వకుండా ఒక్క క్షణం రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మా, నీళ్లు కారిపోలేదు. సముద్రం పట్టుకుందామని నేనే పారబోసినా. అబద్ధం చెప్పినా."

అమ్మ సమీరా చేతులను జేజి వైపు తిప్పింది. "ముందు జేజికియ్యి," అంది.

జేజి మాత్ర నోట్లో వేసుకుని తాగింది. ఆగి, మళ్లీ తాగింది. నాలుగో గుక్కకు కళ్లు తెరిచి, నాలుక చప్పరించింది.

"యాడనో కొంచెం ఉప్పు తగులుతాండాదే," అంది.

"సరిగ్గా కడగలేదేమో జేజీ," అంది సమీరా భయంగా.

"బాగుండాది లే. మజ్జిగలో ఏసుకోమా? ఈసారి మజ్జిగ గూడా పట్టుకోని రా," అంది జేజి. గొంతులో బొంగురు పోయింది. అమ్మ ఆపుకోలేక నవ్వేసింది. ఎందుకో తెలియకపోయినా నిస్సార్ కూడా నవ్వాడు.

నాయన ఎత్తి పెట్టిన దూది మూట నెత్తి మీద నుంచి దించినట్టు సమీరాకు హాయిగా అనిపించింది. ఏడుపు, నవ్వు రెండూ కలిసి వచ్చాయి. జేజి ఒళ్లో తల పెట్టుకుని రెండూ కానిచ్చేసింది.

బస్సుకు పోయేటప్పుడు అమ్మ కృపమణి ఇంటి ముందు ఆగింది. ఊర్లో వేయించి తెచ్చిన చెనక్కాయల సంచి మొత్తం ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ డ్రమ్ముల గురించి, ట్యాంకర్ల గురించి ఒకే ఊరివాళ్లలాగా మాట్లాడుకున్నారు. మూడింటికి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. జేజి అందరికంటే ముందెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆధార్ కార్డు తీసి పట్టుకుంది.

బస్సు కదిలాక సమీరా తన పైజామా అంచులు చూసుకుంది. తడి ఆరిపోయి, అట్టలాగా బిరుసెక్కాయి. గుడ్డ మీద తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత అమ్మ చెవిలో చెప్పింది, "ఈ పైజామా ఉతకొద్దు మా."

సోమవారం సమీరా ఆ పైజామాను పేపర్‌లో చుట్టి బడికి తీసుకుపోయింది. దీవెన అంచు గీకి చప్పరించింది. ముఖమంతా వంకర్లు పోయింది. క్లాసంతా నవ్వింది. స్వర్ణలత టీచర్ హాజరు పట్టీలోంచి తల ఎత్తకుండా, ఏమీ చూడనట్టే నటించింది.

"నిజంగానే ఉప్పు," అని ఒప్పుకుంది దీవెన. "కానీ బాటిల్ నిండా తెస్తానంటివి గదా. యాడుండాది?"

"తెచ్చినట్టే. మళ్లా పారబోసినా," అంది సమీరా. ఏం పారబోసిందో, ఎప్పుడు అబద్ధం చెప్పిందో, నీళ్లు ఎవరిచ్చారో, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతూనే తన మంచినీళ్ల బాటిల్ మూతలో నీళ్లు పోసి దీవెనకిచ్చింది.

దీవెన పుక్కిలించకుండా సగం తాగేసింది. నాలుక మీద ఉప్పు పోయాక, మూతలో మిగిలిన నీళ్లు విసిరేద్దామని కిటికీలోంచి చెయ్యి చాపింది.

సమీరా చప్పున ఆమె మణికట్టు పట్టుకుంది.

"అట్ల విసరొద్దు," అంది. దీవెన చేతిని మెల్లగా పక్కకు జరిపింది. కిటికీ కింద, పోయిన నెల పిల్లలే నాటిన వేప మొక్క ఉంది. "దాని మొదట్లో పోయ్. ఇవి మంచినీళ్లే."