రెండో కోడ్

లేలో అనే అమ్మాయి ఉద్యోగం మానేసిన సంగతి ఆ అమ్మాయికే ఆఖరున తెలిసింది.

పొద్దున్నే తమ దీవిలోని ఉన్ని మిల్లుకి వెళ్లి రంగుల గది తాళం అడిగితే, యజమానురాలు విర్వె విచిత్రంగా చూసింది.

"నిన్న రాజీనామా పంపావుగా అమ్మాయ్? ఇంకొకరికి మాట కూడా ఇచ్చేశాను."

"నేను పంపలేదండీ!"

విర్వె కంప్యూటర్ ఇటు తిప్పింది. లేలో పేరు, పక్కన ఆకుపచ్చ టిక్కు. మా ఎస్తోనియాలో ఆ టిక్కు పడిందంటే చట్టానికి సిరా సంతకం ఎంతో ఇదీ అంతే. దానికి మనిషి గుర్తింపు కార్డు కావాలి, సంతకానికి వాడే రెండో కోడ్ తెలియాలి.

"నువ్వు పెట్టకపోతే ఎవరు పెట్టారో పోలీసులకి రాసివ్వు. అప్పుడే నీ ఉద్యోగం నీకిస్తాను," అంది విర్వె.

ఆ కోడ్ తెలిసిన రెండో మనిషి ఆమె ప్రియుడు తావెత్. బయట వానలో కారుకి ఆనుకుని, దాల్చినచెక్క బన్నుల పొట్లం పట్టుకుని నవ్వుతున్నాడు.

"సర్‌ప్రైజ్! చలికాలమంతా రేపు రాజీనామా చేస్తా, ఎల్లుండి చేస్తా అన్నావు. నీ వల్ల కాదని నేనే చేసేశా. మనిద్దరికీ టాలిన్ సిటీలో ఇల్లు కూడా చూశా."

"నా కార్డు తీశావా?"

"వంటింట్లో బల్ల మీదే ఉందిగా. కోడ్ నువ్వే చెప్పావు, ఆవిరిగదిలో, నా భుజం మీద తల పెట్టుకుని."

చెప్పింది నిజమే. ప్రేమలో పడ్డవాళ్లకి బుర్ర మోకాల్లో ఉంటుంది. "నా మీద ఇంత నమ్మకమా?" అని అతనంటే ఈ పిల్ల మురిసిపోయింది కూడా. తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

"నిజంగా రావాలనుంటే ఒక్క రోజులో రాసిచ్చేదాన్ని తావెత్. ఆ రంగుల గది వదల్లేకే రాయలేదు."

"సరే, తప్పే. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"లోపలికొచ్చి నేనే పెట్టానని చెప్పు."

అతని నవ్వు ఆరిపోయింది. "పిచ్చా? దొంగ సంతకమంటే కేసు. నా కొత్త ఉద్యోగం బ్యాంకులో, నన్ను గడప తొక్కనిస్తారా? సంతకం నీదే అనెయ్. అయినా కోడ్ ఇచ్చింది నువ్వేగా!"

వానచుక్కలు అతని కనురెప్పల మీద నిలిచాయి. ఆ కళ్లంటే ఆమెకి ఇప్పటికీ ప్రాణం. అదే ఏడుపు.

"ప్రేమిస్తున్నానని పూటకోసారి అంటావు. నేను చేశానని ఒక్కసారి అనలేవా?"

తావెత్ వాచీ చూసుకుని, అవతలి ఒడ్డుకెళ్లే ఫెర్రీకి టైమవుతోందన్నాడు.

లేలో లోపలికి వెళ్లింది. సంచిలోంచి కార్డు తీసి ముందు కోడ్ మార్చేసింది. తర్వాత ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. తావెత్ పేరు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఏడ్చింది. ముక్కు తుడుచుకుని ఆ పేరు పూర్తిగా రాసింది. సంతకం పెట్టి పంపేసింది.

తలుపు తోసుకొచ్చిన తావెత్ తెర మీద తన పేరు, దాని కింద టిక్కు చూశాడు.

"లేలో, ఏం చేశావు? ఇది చెల్లుతుంది!"

"చెల్లాలనే పెట్టాను," అంది లేలో.