తలగడ కింద మడతకత్తి

మామగారి తలగడ కింద నెత్తురు మరకతో మడతకత్తి కనపడేసరికి నాగసుధ చేతిలోని దుప్పటి జారి కింద పడింది.

అప్పటిదాకా అది మామూలు పొద్దే. క్రిస్మస్ సెలవులు గనక భర్త ఉదయ్ భాస్కర్‌కి బడికి పరుగెత్తే హడావుడి లేదు. అత్తగారు ప్రభావతి వంటింట్లో ఇడ్లీలు వేస్తోంది. మామగారు పాపారావు పెరట్లో స్నానం చేస్తున్నారు. కాసేపట్లో ఆటో వస్తుంది. టెక్కలి నుంచి పలాస ఆసుపత్రికి వెళ్ళి, డయాలసిస్ చేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాలి.

నాగసుధకి వచ్చిన మొదటి ఆలోచన ఒక్కటే. ఆయనకి గాయమైందా? డయాలసిస్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తారు. గోరంత గాటు పడినా నెత్తురు ఓ పట్టాన ఆగదు. అందుకే దీపావళి వెళ్ళగానే ఉదయ్ ఆయన కత్తులన్నీ పెట్టెలో పడేసి తాళం వేశాడు. మరి ఇది బయటికెలా వచ్చింది?

ఒక్క పరుగున పెరట్లోకి వెళ్ళింది.

"మావయ్యా, చేతులు చూపించండి."

"ఏటమ్మా, జాతకం సెప్తావేటి?" తల తుడుచుకుంటూ పాపారావు నవ్వారు.

చేతులు చూసింది, కాళ్ళు చూసింది. సూదులు గుచ్చే చోట తప్ప ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

మరి ఆ నెత్తురు ఎవరిది?

కత్తులు పోగెయ్యడం పాపారావుకి పాత పిచ్చి. అక్కుపల్లి దగ్గర కొబ్బరితోట చూసుకునే రోజుల్లో జేబులో మడతకత్తి లేకుండా గడప దాటేవారు కాదు. తాడు కొయ్యాలన్నా, జీడిపండు ముక్కలు చెయ్యాలన్నా అదే. వాడుకోవడంతో సరిపెట్టుకోలేదు. కొడుకు చిన్నప్పుడు క్రిస్మస్ సెలవులు ఇచ్చారంటే చాలు, వాణ్ణి సైకిలు ముందు కూచోబెట్టుకుని ఊరూరా తిరిగేవారు. పనస చెక్క పిడితో ఒకటి, ఇచ్ఛాపురం అవతల ఒడియా కమ్మరి ఇత్తడి మేకులు కొట్టి చేసింది ఒకటి, వలతాళ్ళు కోసిన జాలరి కత్తి ఒకటి. ఇచ్చినవాళ్ళంతా ముసలివాళ్ళే. ప్రతి కత్తికీ ఒక కథ ఉంది, ఆ కథ చెప్పకుండా ఆయన కత్తి చూపించరు. ఉదయ్ పెద్దవాడై పంతులయ్యాక కూడా ఆ ప్రయాణం ఆగలేదు. సైకిలు పోయి మోటారుసైకిలు వచ్చిందంతే.

ఈ ఏడు భావనపాడు నుంచి గోవిందు అనే జాలరి తన తాత కత్తి ఇస్తానని కబురు పెట్టాడు. ఉదయ్ మాత్రం "ఇంక ఆ మాట ఎత్తకండి" అన్నాడు.

పెట్టెకి తాళం పడ్డాక పాపారావు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. ఆసుపత్రికి రానని మొండికేశారు. బతిమాలి, తిట్టి, ఏడ్చి తీసుకెళ్ళాల్సి వచ్చేది. అలాంటి మనిషి ఈ మధ్యన ఉన్నట్టుండి మారిపోయారు. ఆటో రాకముందే తల దువ్వుకుని వీధి అరుగు మీద కూచుంటున్నారు. మందు పనిచేస్తోందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

మందు కాదన్నమాట. ఆటోలో ఆయన మాటిమాటికీ తడుముకునే బనీను లోపలి జేబు. అందులో కత్తి.

నాగసుధ గదిలోకి తిరిగి వచ్చేసరికి ఉదయ్ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. కత్తి అతని చేతిలో ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"నాన్నా! ఇలా రా."

పాపారావు బనీను తొడుక్కుంటూ వచ్చారు. కత్తి చూశారు, కొడుకు మొహం చూశారు, మంచం మీద కూచున్నారు.

"ఇది నీ తలగడ కిందికి ఎలా వచ్చింది?"

"నడిసొచ్చిందేమో."

"వేళాకోళం వద్దు. ఎవరిచ్చారు?"

"ఎవలిత్తారు? నానే తీసినాను. నువ్వు తొంగున్నప్పుడు నీ పేంటు జేబులోంచి తాళంసెవి కొట్టేసినాను."

"తాళంచెవి నా జేబులో ఎప్పుడుంది? దేవుడి గూట్లో ఉంటేను."

పాపారావు బనీను అంచు సర్దుకున్నారు. "అదేలే. దేవుడి దగ్గరే కొట్టేసినాను."

"అబద్ధం కూడా సరిగ్గా ఆడ్డం రాదు నీకు!" కోపం వస్తే ఉదయ్ నోట పంతులు భాష పోయి ఊరి మాట వచ్చేస్తుంది. "ఇంటిల్లిపాదీ నిన్ను బతికించుకోవాలని సత్తంటే నువ్వేటి సేత్తన్నావు? కత్తికి నెత్తురంటుకుని ఉంది, సూడు!"

"నాను రోగి పన్లే సేత్తన్నాన్రా. తొంగోమంటే తొంగున్నాను. సూదులు గుచ్చుతామంటే సెయ్యి సాపినాను. దాహమేసినా గుక్కెడే తాగినాను. ఇంకేటి కావాల నీకు?"

"ఇవాళే ఆ పెట్టె తీసుకెళ్ళి పాత ఇనుము కొట్లో పడేస్తాను."

"పడేయ్. నాను పలాస రాను."

ఆయన అన్నారంటే అన్నట్టే. ఇవాళ వెళ్ళకపోతే రేపటికి కాళ్ళు వాస్తాయి, ఎల్లుండికి ఊపిరి అందదు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. వీధిలో ఆటో హారన్ మోగింది.

"ఇదిగో, తీసుకో! నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో!" ఉదయ్ కత్తి ఆయన చేతికి అందించబోయాడు.

పాపారావు చేతులు వెనక్కి లాక్కున్నారు. "కత్తి సేతికియ్యకూడదు, తగువులొత్తాయి. కింద ఎట్టు."

"తగువు ఇంకా మొదలవ్వలేదనుకుంటున్నావా?"

ఉదయ్ దాన్ని నేలకేసి కొట్టాడు. కత్తి సగం విచ్చుకుని జారుతూ నాగసుధ పాదం దగ్గర ఆగింది. మామగారు ఎక్కడ వంగుతారోనని ఆమె గబుక్కున వంగి పట్టుకుంది. పట్టుకున్నాక తెలిసింది, పిడి కాదు, కోసే వైపు.

"సుధా!" ఉదయ్ కేక పెట్టాడు.

నాగసుధ భయంభయంగా గుప్పిట తెరిచింది. అరచేతిలో గీత కూడా పడలేదు. బొటనవేలు అంచు మీద నడిపింది. గరిటె కాడలా గుండ్రంగా ఉంది. మంచానికి కట్టిన కొబ్బరితాడు మీద గట్టిగా రుద్దింది. ఒక్క పోగు తెగలేదు.

"ఏవండీ... ఇది కొయ్యదు."

ఉదయ్ పెట్టె తెచ్చి తాళం తీశాడు. పనస చెక్క పిడి కత్తి మొండి. ఇత్తడి మేకులది మొండి. జాలరి కత్తీ అంతే. అంచుల నిండా రాతి మీద అరగదీసిన గీతలు. అడుగున ఉన్న కొన్ని మాత్రం ఎప్పటిలాగే నిగనిగలాడుతున్నాయి.

నాగసుధ కళ్ళముందు సన్నికల్లు మెదిలింది. ఈ మధ్య దాని మీద నల్లటి చారలు పడుతుంటే చింతపండుదేమో అనుకుని పీచుతో తోముతోంది. ఇందాక అత్తగారి వేలికి గుడ్డ కట్టు చూసి ఏమైందని అడిగితే, "అరటికాయ తరుగుతుంటే తెగిందే" అంది. ఈ పూట ఇడ్లీ. ఇంట్లో అరటికాయే లేదు.

ఆమె మామగారి వైపు తిరిగింది. "మీకు తెలుసు కదూ మావయ్యా, వీటికి పదును లేదని?"

"కత్తి పట్టి పెరిగిన సెయ్యమ్మా ఇది. మొదటిది ముట్టుకోగానే బొటనేలు సెప్పేసింది."

"ఎన్నో ఏళ్ళు కష్టపడి పోగేశారు. అవి పాడైపోయాయని కోపం రాలేదా?"

"వొచ్చింది. ఎందుకు రాదు? మంచి ఇనుమమ్మా అవి. కానీ తెల్లారగట్ల రాయి మీద గరగరమని సప్పుడు ఇనపడేది. ఆ ఇనుము అరగాలంటే ఎంతసేపు రుద్దాలో నాకు తెలుసు. నా కోసం అంతసేపు కూకునే మనిషిని పట్టుకుని ఏటనీది?"

ఉదయ్ తండ్రి ముందు చతికిలబడ్డాడు. భార్య కింద పెట్టిన కత్తిని తీసి, నెత్తురు మరక తన చొక్కా అంచుతో తుడిచి, మడిచి, మెల్లిగా తండ్రి బనీను జేబులో వేశాడు.

"రేపు తెల్లారి భావనపాడు వెళ్దాం నాన్నా. ఇవాళ్టికి పలాస రా."

పాపారావు జేబు తడుముకుని, సరేనన్నట్టు తలూపారు.

వంటింటి గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడిందో ప్రభావతి. కొంగు కింద చెయ్యి దాచుకుంది. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు ఉదయ్. గొంతులో కోపం లేదు. "నువ్వేనా?"

ప్రభావతి కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. పసుపు గుడ్డలోంచి ఎరుపు ఇంకా ఊరుతోంది.

"నానే. ఇంకెవలు సేత్తారు? ఆ దినం మీ నాన్న గోడకేసి తిరిగి, జేబులో కత్తి నేకపోతే నాను రోగినే గానీ మనిషిని కాను పెబావతీ, నన్నింక ఎక్కడికీ లాక్కెళ్ళకండి అన్నారు. ఇత్తే నెత్తురు బయం. ఇయ్యకపోతే మనిషే పోయేటట్టున్నారు. ఏటి సెయ్యను? పదును సంపేసి ఇత్తే రెండు బయాలూ తీరతాయనుకున్నాను. నువ్వు లేవకముందే రాయి మీద రుద్దేసి, ఆసుపత్రికెళ్ళే దినం పొద్దున్నే ఒక్కోటి తలగడ కింద ఎట్టి, రాత్రి ఈయన తొంగున్నాక మళ్ళా పెట్టెలో ఎట్టేసేదాన్ని. ఇవాళ పదును సంపుతుండగానే సెయ్యి జారింది, తుడిసీలోపల నువ్వు లేసిపోనావు. ఈ తుప్పు కోసం పిల్లణ్ణి సలిలో తిప్పుతున్నారని ఎన్నిసార్లు తిట్టినాను ఈయన్ని! ఆ తుప్పు నా సేత్తోనే అరగదీత్తంటే ఏడుపాగనేదురా. అందుకే అడుగునున్నవి ముట్టుకోనేదు, అవి నీకుండాల. పదును లేదని ఈయనకి తెలీదనుకుని దొంగలాగ తిరిగినాను, తప్పే. ఇంక సాలు, ఆటోవోడు ఎల్లిపోతాడు, మీ నాన్నని ఎక్కించు. రేపు ఆ గోవిందు కత్తి తెచ్చుకోండి, నాను అడ్డం రాను. తెచ్చినాక మాత్రం ముందు నా కాళ్ళ దగ్గర ఎట్టండి. దాని పదును కూడా నానే తీత్తాను."