గడ్డిలో నిద్రపోయేవాళ్ళు

"తోడు నువ్వు సరిగ్గా వెయ్యడం లేదు హేమా. ఒప్పుకుంటే పోయేదేముంది?"

"వేస్తున్నానత్తయ్యా. నిన్నా వేశాను, మొన్నా వేశాను. నలభై రోజులుగా వేస్తూనే ఉన్నాను. పాలు పాలలాగే కూర్చుంటే నేనేం చెయ్యను?"

"మా రోజుల్లో పాలు ఇలా మొండికెయ్యలేదమ్మా!"

"అయితే ఆ రోజుల్లోకి వెళ్ళి మీరే తోడెయ్యండి!"

పిల్లలూ, తుంగవరం రాజ్యంలో రాజమాత కనకాంబకూ, ఆమె కోడలు మహారాణి హేమవతికీ రోజూ ఇదే వాదన. సభలో ఉన్న మహారాజు విజయకేతుడికి అది వినబడుతూనే ఉండేది. ఆయన కిరీటాన్ని కాస్త కిందికి లాక్కుని చెవులు కప్పుకునేవాడు.

కానీ మొండికేసింది పాలొక్కటే కాదు. పెంటకుప్పల్లో పేడా, ఆకులూ వేసింది వేసినట్టే ఉన్నాయి, ఎరువు కావడం లేదు. చెరువులో నానేసిన గోగుకట్టలు ఎన్నాళ్ళున్నా కుళ్ళక, నార ఊడిరావడం లేదు. పైర్ల వేళ్ళకు తెల్లటి బూజు పట్టి, మొక్కలు నిలువునా వాలిపోతున్నాయి. అన్నిటికన్నా ఘోరం, రాజమాత కడుపులో ఏదీ ఇమడడం లేదు. కోడలితో వాదించే గొంతు తప్ప ఆమెలో మిగతాదంతా చిక్కిపోయింది.

రాజవైద్యుడు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. "కడుపు ఖాళీ ఇల్లులా ఉంది. ఎవరో కాపురం ఎత్తేసి వెళ్ళిపోయినట్టుంది. ఇలాగే సాగితే వచ్చే పున్నమి దాటడం కష్టం."

"కడుపులో కాపురముండేది ఎవరండీ?" అని అడిగింది పదమూడేళ్ళ రాజకుమారి కువలయ.

"అది తెలిస్తే నేనే వెళ్ళి పిలుచుకొచ్చేవాణ్ణి కదా తల్లీ!"

ఆ మధ్యాహ్నం కువలయ నాయనమ్మ మంచం దగ్గర కూర్చుంది. కొంచెం దూరంగానే కూర్చుంది, ఎందుకంటే రాజమాతకు మడి ఎక్కువ. ఆమె చీర గాలికి ఎగిరి ఎవరికైనా తగిలినా మళ్ళీ స్నానం చేసేది. మనవరాలు పరుగెత్తుకొచ్చినా రెండడుగులు వెనక్కి వేసేది. ఆ రోజు మాత్రం ఆమే చెయ్యి చాపి పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెబుతాను. తీర్థయాత్రలో సున్నపుకొండ దగ్గర ఒక యక్షుడికి దాహమేస్తే నీళ్ళిచ్చాను. వరం కోరుకోమన్నాడు. మా రాజ్యంలో కంటికి కనబడని మైల నలుసంతైనా ఉండకూడదన్నాను. తథాస్తు అన్నాడు. నేను ఇల్లు చేరేసరికి పాలు తోడుకోవడం మానేశాయి."

"అంతా నీ వరమేనా? మరి అమ్మనెందుకు సాధిస్తున్నావు?"

రాజమాత గోడవైపు తిరిగి పడుకుంది. "నీకు తెలీదులే."

కువలయ లేచి బయటికొచ్చింది. వెళ్ళిపోయినవాళ్ళు ఎవరో కనుక్కోవాలి, పున్నమిలోగా వెనక్కి తేవాలి. అటుకులు మూటకట్టుకుని, తల్లితో ఒక్క మాట చెప్పి, ఉత్తరాన సున్నపుకొండ దారిలో ఉన్న అడవిలోకి నడిచింది.

అడవిలో దారే లేదు. రాలిన ఆకు రాలినట్టే ఉండి, నడుము లోతున పేరుకుపోయింది. ఈదినట్టు నడుస్తుంటే ఆకుల్లోంచి ఒక తల పైకి లేచింది. గడ్డం నిండా ఎండుటాకులున్న ముసలి ముని!

"నెమ్మది తల్లీ, నా కమండలం తొక్కేవు. ఎక్కడుందో నాకే తెలీదు!"

కువలయ గంటసేపు ఆకులు తోడి ఆయనను బయటికి తీసి, కమండలం వెతికిచ్చింది. "స్వామీ, ఆకును మట్టిచేసేవాళ్ళెవరు? వాళ్ళే మా నాయనమ్మ కడుపులోనూ ఉండేవారా?"

ముని ఆనందంగా తొడ చరిచాడు. "ఎనభై ఏళ్ళుగా తపస్సు చేస్తున్నాను, ఒక్కరైనా ఇది అడిగారా! వాళ్ళు ఎన్నో తెగలు. అందులో గట్టిపిండం గడ్డిజనం. ఎండుగడ్డిలో, మట్టిలో, పశువుల పేగుల్లో, మన కడుపుల్లో, ఎక్కడంటే అక్కడ ఉంటారు. ఒంటి తీరు చూస్తే చిన్న పుల్లముక్కలు. ముందు వాళ్ళు లేస్తే మిగతా తెగలూ లేస్తాయి. యక్షుడు అందరినీ సున్నపుకొండలో బంధించాడు. అక్కడ గంతులేసేవాళ్ళను చూసి మోసపోకు. నిద్రపోయేవాళ్ళను ఎంచుకో."

సున్నపుకొండ మీద గడ్డిపరకైనా లేదు. తెల్లటి గుహలో తెల్లటి బట్టలతో యక్షుడు తెల్లటి నేలను తుడుస్తున్నాడు.

"ఆగక్కడ! కాళ్ళు దులుపుకున్నావా?"

"మూడుసార్లు దులుపుకున్నానండీ."

"నాలుగోసారి దులుపుకో."

వచ్చిన పని విని యక్షుడు నవ్వాడు. "ఇచ్చిన వరాన్ని నేను వెనక్కి తీసుకోవడం ఉండదు. అయినా ఇంతదూరం నడిచొచ్చావు కాబట్టి ఒక పందెం. ఇక్కడున్నవాటిలో ఒక్కటి తీసుకో. దాన్ని మరిగే నీళ్ళలో ముంచుతాను, మండుటెండలో ఆరబెడతాను, ఉప్పులో పాతిపెడతాను. ఆ తర్వాత కూడా అందులో ప్రాణముంటే నీది. లేకపోతే నువ్విక్కడే ఉండి నా కొండ తుడవాలి."

గుహలో వరసగా కుండలున్నాయి. యక్షుడు ఒక స్ఫటికపు బిళ్ళ ఇచ్చాడు. దానిలోంచి చూస్తే ఒక కుండలో ముత్యాల గొలుసుల్లాంటివి, ఇంకోదానిలో మెలికలు తిరుగుతూ ఈదేవి. ఎంత అందంగా ఉన్నాయో! కువలయ తాను వచ్చిన పనే మరిచిపోయి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. చివర ఒక మూల ఎండుగడ్డి మోపు ఉంది. దానిలో కదలికే లేదు. గడ్డిపరకల మీద నూగుగింజల్లాంటివి నున్నగా, గట్టిగా మెరుస్తూ పడి ఉన్నాయి.

"ఇది కావాలి."

"చచ్చిన గడ్డా? సరే, చీపురు సిద్ధం చేసుకో!"

మోపును మరిగే నీళ్ళలో ముంచాడు. రెండు రోజులు ఎండబెట్టాడు. ఉప్పులో పాతి మూడు రోజులుంచాడు. తీశాక కువలయ స్ఫటికంలోంచి చూసింది. ఏమీ కదలలేదు. పున్నమికి ఇంకా వారమే ఉంది.

యక్షుడు చీపురు చాపాడు. కువలయ దాన్ని అందుకోలేదు. "చచ్చిపోవడమూ నిద్రపోవడమూ ఒకటి కాదుగా. లేపి చూడకుండా ఎలా తెలుస్తుంది? గోరువెచ్చని గంజి ఒక గిన్నెడు ఇప్పించండి."

గంజిలో గడ్డి నానేసి, ఉదయం నుంచీ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పి కూర్చుంది. సాయంత్రానికి నీరు మసకబారింది. మర్నాటికి పైన పలచని మీగడలాంటి పొర కట్టింది. స్ఫటికం పెట్టి చూస్తే, ఒక గింజ చిట్లి అందులోంచి చిన్న పుల్ల బయటికొచ్చింది. అది సాగి రెండయింది. రెండు నాలుగయ్యాయి.

"చూడండి, చూడండి!"

యక్షుడు బిళ్ళ లాక్కుని చూశాడు. ఆ తర్వాత చాలాసేపు అది తిరిగివ్వలేదు. "కష్టకాలంలో పెంకు తొడుక్కుని పడుకున్నాయన్నమాట. నేనింతకాలం శవాలకు కాపలా కాస్తున్నాననుకున్నాను," అని నిట్టూర్చాడు. "మోపు నీదే. కానీ వరం అడిగిన నోరే, దానివల్ల బాధపడ్డవాళ్ళందరి ముందూ అది వద్దనాలి. లేకపోతే వీళ్ళు మీ పొలిమేరలోనే మళ్ళీ నిద్రపోతారు."

పున్నమి నాటి పొద్దున కువలయ మోపుతో, గంజిగిన్నెతో కోట చేరింది. రాజమాత లేవలేని స్థితిలో ఉంది. సంగతి విని కళ్ళు మూసుకుంది. "అందరి ముందా? మీ అమ్మ ముందు కూడానా?"

"అమ్మ ముందే ముఖ్యం నాయనమ్మా."

ఆమెను మంచంతో సహా ముంగిట్లోకి తెచ్చారు. రైతులు, నార తీసేవాళ్ళు, చాకళ్ళు వచ్చి నిలబడ్డారు. రాజమాత చాలాసేపు ఎవరి ముఖమూ చూడలేకపోయింది. చివరికి కోడలివైపు తిరిగింది.

"తోడు బాగానే వేశావు హేమా. చెడగొట్టింది నేను. ఆ వరం నాకొద్దు."

హేమవతి ముందుకొచ్చింది. కువలయ చేతిలోని గిన్నె అందుకుని, అత్తగారి తల కాస్త పైకెత్తి, ఆ మసక గంజి రెండు చెంచాలు పోసింది. పుట్టిన దగ్గర్నుంచీ మడి కట్టుకున్న మనిషి ముఖం చిట్లించుకుంటూనే మింగింది. మిగిలింది పెంటకుప్ప మీదా, చెరువులోనూ, వాడిన పైర్లలోనూ చల్లారు.

వారానికి పెంటకుప్ప వేడెక్కి ఆవిరి చిమ్మింది. గోగునార పట్టుకుచ్చులా ఊడివచ్చింది. వేళ్ళ చుట్టూ గడ్డిజనం కోటకట్టడంతో బూజు వెనక్కి తగ్గింది. గంజి మరకలు చెరువు నీళ్ళలో నానేస్తే కరిగిపోతున్నాయని చాకళ్ళు కనిపెట్టారు. గడ్డిజనం అలికిడికి కొండలోని మిగతా తెగలూ లేచి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, పాలు తోడుకున్నాయి. రాజమాత లేచి కూర్చుని, అన్నం మెత్తగా ఉడకలేదని కోడలిని దెప్పింది. కోడలు ఆ మాట విని సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

ఒక రోజు అందరూ భోజనాలకు కూర్చున్నారు. "మాఘమాసంలో కువలయకు యువరాణిగా పట్టాభిషేకం చేద్దాం," అన్నాడు మహారాజు. హేమవతి నగల సంగతి ఎత్తింది. రాజమాత ముహూర్తం సంగతి ఎత్తింది. కువలయ వాళ్ళు మాట్లాడడం ఆపేదాకా ఆగింది.

"నాయనమ్మకు ఎవరివల్ల నయమైందో నాకు తెలుసు. ఎలా నయమైందో తెలీదు," అంది మెల్లగా. "గుహలో ఇంకా పేర్లైనా పెట్టని తెగలు వందలున్నాయి. వానలు వెలిశాక సున్నపుకొండకు వెళ్ళి మూడేళ్ళుంటాను. అవన్నీ చూసొచ్చాకే పట్టాభిషేకానికి కూర్చుంటాను."