ఆకలక్క మిద్దె

పెద్దకడుబూరు దావలో, సుంకమ్మ సేను గట్టు మీద ఒక పాడుబడిన రాతిమిద్దె ఉండె. పొద్దు మునిగినాక ఆ పక్క బండి తోలిన మగోడు లేడు. నేనూ పోలేదు... పోయినానని కోతలు కొయ్యను.

కరువొచ్చిన యేడు ఆ మిద్దెలో ఒక ఆడమనిషి అన్నం లేక సచ్చిపోయింది. పేరు ఎవరికీ గుర్తులేదు. ఆకలక్క అంటారు, అంతే. బతికినన్నాళ్ళు ఒక ముద్ద పెట్టినోడు లేడు గానీ, సచ్చినాక ఊరంతా భయపడి అమాసకు అమాసకు పెట్టబట్టిరి! జొన్నముద్ద, బెల్లం, గుమ్మడికాయ ముక్కలు మోదుగాకు ఇస్తరిలో పెట్టి, గడప మీద ఉంచి, ఎనక్కి తిరిగి సూడకుండా వచ్చేయల్ల. మల్లా అమాస దాకా ఆ పక్క తొంగి సూడకూడదు. థూ... ఏం మనుషులప్పా!

రాత్రయితే మిద్దె ఎనక నుంచి కాళ్ళగొలుసుల సద్దు. ఘల్... ఘల్... ఆగి... మల్లా ఘల్. తెల్లారితే సుంకమ్మ సేన్లో సెనక్కాయ సెట్లు పీకి, కాయలు కొరికి, పొట్టు ఎగజిమ్మి ఉండేది.

అది డెబ్బై ఎనిమిదో యేడు. సుంకమ్మకు మొగుడు లేడు. ఇద్దరు పిల్లలు, ఆ మూడెకరాల సేను, అంతే ఆమె సంసారం. ఆ పంట పోతే పిల్లల్ని ఎంటబెట్టుకోని గుంటూరు పక్క సుగ్గికి పోవల్ల, మిరపకాయలు కోసే కూలికి. అంతకు ముందేడు పోయింటే సిన్నదానికి ఆడ జరమొచ్చి సచ్చి బతికింది. కావలికి రమ్మని కాశప్పను బతిమాలింది. కావలి కాయడమే వాని పని.

"ఆకలక్కకు నీ సేను నచ్చింది. ఇడిసిపెట్టు, సుంకమ్మా" అన్యాడంట. వాని నోట్లో మన్ను పడ!

అప్పుడు కబురంపితే నందవరం నుంచి ఆమె తమ్ముడు మాదన్న వచ్చినాడు. పురుగూ పుట్రా, ఎలకా పందికొక్కూ... కొరికిన గాటు సూసి యాదో సెప్పేస్తాడు వాడు. అదే వాని పొగరు. ఇదంతా ఎన్నో ఏండ్లకు వాడే నాకు ఆదోని బస్టాండులో టీ తాగతా సెప్పినాడు. అబద్ధమైతే ఆ పాపం వానిదే.

సేనంతా వంగి వంగి సూసినాడు.

"పందికొక్కు అయితే కాయల్ని బొక్కలోకి మోస్తాది, పొట్టు ఈడ పారేయదు. అడివిపంది అయితే సాళ్ళకు సాళ్ళే తిరగేస్తాది. నక్క పెంటిక ఇట్లుండదు" అనుకుంటా పోయి, మిద్దె ఎనక కంపలోంచి జానెడు ముల్లు తీసినాడు. ఒక గీత నలుపు, ఒక గీత తెలుపు.

"ఇదక్కా నీ ఆకలక్క. ముళ్ళపంది! ఒళ్ళు ఇదిలిస్తే తోక ముండ్లు గొలుసుల మాదిరి మోగుతాయి. మీరు పెట్టే ముద్ద మరిగి ఈడే కాపరం పెట్టింది."

సుంకమ్మ నవ్వతా ఏడ్చేసింది. ఆ ముల్లు తీస్కపోయి ఊర్లో సూపిచ్చింది. కాశప్ప ఏమన్యాడో తెలుసా? "ముళ్ళపందే అయితే ఏమి... ఆకలక్క దాని మీదెక్కి తిరగతాది." ఇంగ వానితో ఏం మాట్లాడతావు!

అమాస వచ్చె. ఊరి ముద్దను ఆ సారి మాదన్నే మోసకపోతానన్యాడు. వద్దనేదానికి ఎవడుండాడు! ముద్దలో ఎండ్రిన్ కలిపినాడు, పత్తికి కొట్టే మందు. వాసన తెలీకుండా బెల్లం దండిగా పిసికినాడు. ముద్దను ఇస్తరిలో గడప మీద పెట్టినాడు. గుమ్మడి ముక్కలకూ మందు పూసి, మిద్దె ఎనక దాని బొక్క కాడ పరిసినాడు. ఏ దావన వచ్చినా పడల్ల అని.

సేన్లో కంపసాటున దుప్పటి కప్పుకోని పండుకున్యాడు. కండ్లు పొడుసుకున్నా కానరాని సీకటి...

ఘల్... ఘల్...

ఎనక పక్క గుమ్మడికాయ కరకర నమిలే సద్దు. మాదన్న గుండె కొట్టుకుంటాండాది. భయానికి గాదు, సంతోషానికి.

అంతలో ముందర పక్క... గడప కాడ... ఇంకో సద్దు. మెత్తగా. ఆత్రంగా. మింగేది, ఆగేది... మల్లా మింగేది.

జతది గాబోలు అనుకున్యాడు.

"తిను..." అని గుసగుసగా అన్యాడు. "బాగా తిను."

తెల్లారె. బొక్క కాడ రెండు ముళ్ళపందులు కాళ్ళు సాపి పడుండాయి. సుంకమ్మ పరిగెత్తుకోని వచ్చి, వాటిని సూసి, సిన్నోడని గూడా సూడకుండా తమ్మునికి దండం పెట్టింది. మిగిలిన ముద్ద యా కుక్కో యా పిల్లోడో తింటే పాపమని, పూడ్సేదానికి మాదన్న పార తీసుకోని ముందరికి పోయినాడు.

గడప మీద ముద్ద లేదు. చుట్టూ రాలిన ముల్లు లేదు, పెంటిక లేదు, ఒక్క పంటిగాటు లేదు.

ఇస్తరి ఉంది. మనం తిని లేసేటప్పుడు మడుస్తాము సూడు... అట్ల, సగానికి, ఓపిగ్గా మడిసిపెట్టి ఉంది.

మాదన్న లోపలికి పోయి సూసినాడు. ఎవరూ లేరు. బయట బండనేల, యా గుర్తూ లేదు. అవతలంతా నల్లరేగడి సేండ్లు... తినినోళ్ళు యా దిక్కు పోయినారో, ఎంత దూరం పోగలిగినారో. పిలుద్దామంటే ఏ పేరు పెట్టి పిలవల్ల? పార పక్కన పడేసి గడప మీదే కూకున్యాడు.

"తమ్ముడా!" ఎనక నుంచి సుంకమ్మ కేక. "ఇంగ నా పిల్లల్ని సుగ్గికి తీస్కపోయే పని లేదు గదా? ముందర ముద్ద తినింది గూడా ఇవేనా?"

మాదన్న ఆ ఇస్తరిని పంచె మడతలో దోపుకున్యాడు.

"ఇవేనక్కా" అన్యాడు.