ఏడు నిమిషాల నిశ్శబ్దం

పదకొండు గంటల ఐదు నిమిషాలకు పెట్టె ఉంది. పన్నెండు నిమిషాలకు లేదు.

పెట్టెలో ఉన్నవి పాముకాటు విరుగుడు ఇంజెక్షన్లు. మొదటి మోతాదు పట్టుకెళ్లిన నర్సు రెండో మోతాదుకు తిరిగొచ్చేసరికి కోల్డ్ రూమ్‌లో అల్మరా బోసిగా ఉంది. కాటు తిన్న పోకతోట కూలీని అంబులెన్సులో మంగళూరు తరలించారు. ప్రాణం దక్కింది.

కాసరగోడు శివార్లలోని ఆ ఆసుపత్రికి సబ్ ఇన్‌స్పెక్టర్ నంబ్యార్ పన్నెండుంబావుకు వేంచేశాడు. రెండు మోకాళ్ల నొప్పి, పదవీ విరమణకు పదకొండు నెలలు, చేతిలో ఒకే ఒక్క భాష: ఇదీ ఆయన సైన్యం.

"దొంగ దొరికింది సార్," అన్నాడు సూపరింటెండెంట్ డాక్టర్ ఫిలిపోస్. "కోల్డ్ రూమ్ తాళంచెవులు రెండే. ఒకటి స్టోర్ కీపర్ సుగుణన్ జేబులో. రెండోది వేదావతి గదిలో, మేకుకు."

"వేదావతి ఎవరు?"

"మైకులో టోకెన్లు పిలిచే మనిషి. రోజుకూలీ. ఈ రోజుతో ఆ కొలువు రద్దు. నాలుగింటికి సంతకం పెడుతున్నాను. ఒక్కో కబురూ ఏడు భాషల్లో చెప్పడమేమిటండీ? మలయాళంలో ఒక బోర్డు పెడితే చాలదూ? కొలువు పోతుందన్న కసితో తీసుంటుంది."

"సీసీటీవీ?"

"ఏడాదిగా విశ్రాంతిలో ఉంది సార్."

నంబ్యార్ నిట్టూర్చాడు. సుగుణన్‌ను పిలిపించాడు.

"ఆ ఏడు నిమిషాలూ ఎక్కడున్నావ్?"

"హాల్లోనే సార్. మంచినీళ్ల కుళాయి దగ్గర."

"ఏం చూశావ్?"

"చూడ్డానికేముంది, ఆమెది ప్లైవుడ్ గది, మనిషి కనబడదు. వినబడాలంతే. మైకు మూగబోయింది సార్! ఏడు నిమిషాలు. కిక్కురుమనలేదు."

మలయాళీ రోగులు ముగ్గురి మాటా దానికి సరిపోయింది. పదకొండు ఐదుకు తమకు పిలుపు వచ్చింది, మళ్లీ పదకొండు పన్నెండుకే వచ్చింది. కేసు దాదాపు ముగిసింది. వేదావతికి కొలువే కాదు, ఇంటికి పోయే దారి కూడా మూసుకుపోయేలా ఉంది.

మిగిలిన సాక్షుల్లో ఒక్కరికీ మలయాళం రాదు. వారి మాట చెప్పగల మనిషి ఆ భవనం మొత్తంలో ఒక్కరే. ముద్దాయే.

"ఇదెక్కడి న్యాయం సార్!" అన్నాడు కానిస్టేబుల్.

"న్యాయం సంగతి తర్వాత. కుర్చీ వెయ్. ఆమెకూ ఒకటి."

వేదావతికి యాభై రెండేళ్లు. గొంతు బొంగురుపోయి ఉంది. మొదటి సాక్షి దేయక్క, తుళు మాట్లాడే ముసలామె. చాలాసేపు చేతులూపుతూ మాట్లాడింది. చివర వేదావతి వైపే వేలు చూపింది.

"ఏమంటోంది?"

వేదావతి మలయాళంలోకి మార్చింది: "పదకొండు గంటల నుంచి ఏడో నిమిషం దాకా నా గొంతే వినలేదంటోంది సార్. ఎక్కడికి తగలబడ్డావే అని నన్నే అడుగుతోంది."

కానిస్టేబుల్ నోరు తెరిచాడు. తన మెడకు బిగిసే మాటను ఒక్క పోగు తగ్గించకుండా అప్పజెప్పిన ముద్దాయిని అతను ఇంతవరకు చూడలేదు.

నంబ్యార్ గోడ గడియారం వైపు చూపించాడు. దేయక్క లేచి వెళ్లి, పిలుపు వచ్చిన చోట ఏడో నిమిషం మీద వేలు పెట్టింది. గడియారానికి దుబాసీ అక్కర్లేదు. బ్యారీ భాష మాట్లాడే చేపల వర్తకుడు మూసబ్బ పదో నిమిషం చూపించాడు. కన్నడం వాళ్లు ఆరు, కొంకణి వాళ్లు ఎనిమిది, మరాఠీ వాళ్లు తొమ్మిది, ఉర్దూ వాళ్లు పదకొండు.

"మీ వంతు రాకముందు మైకు ఏం చేస్తోందో అడుగు."

మూసబ్బ విసుక్కున్నాడు. వేదావతి చెప్పింది: "ఏదో వాగుతూనే ఉందట సార్. వీళ్లకు కాదట, అందుకని లెక్కలోకి తీసుకోలేదట."

నంబ్యార్ కళ్లు మూసుకున్నాడు. చాలా అలసటగా అనిపించింది.

"అందరినీ రమ్మను."

వచ్చారు.

"డాక్టర్ గారూ, పదకొండు ఐదుకు ఈమె చెప్పిన కబురేమిటి?"

"ముప్పై దాటిన టోకెన్లు ఆరో గదికి వెళ్లాలని."

"మలయాళంలో మొదలుపెట్టింది. నిమిషానికొక భాష చొప్పున ఆరు భాషలు తిరిగి, పదకొండు పన్నెండుకు మళ్లీ మలయాళానికి వచ్చింది. ఎవరి భాష ఆగగానే వారికి మైకు ఆగినట్టే. అందరి నిశ్శబ్దాలూ పక్కపక్కన పెడితే నిశ్శబ్దమే మిగల్లేదు. ఆమె కుర్చీ వదల్లేదు."

"మరి సుగుణన్ కూడా..."

"అక్కడే చిక్కాడు. మనవాళ్లు 'మాకు పిలుపు రాలేదు' అన్నారు. ఇతనొక్కడే 'కిక్కురుమనలేదు' అన్నాడు. హాల్లో ఒక్క నిమిషం నిలబడ్డా, అర్థం కాకపోయినా, ఆ గోల చెవిన పడేది. ఏడు నిమిషాలూ లావుపాటి తలుపు వెనక, కోల్డ్ రూమ్‌లో, ఆపైన వెనక వాకిట్లో ఉన్నావు కదయ్యా? హాల్లోకి రాగానే మనవాళ్ల సణుగుడు విన్నావు. నీకు తెలిసిన భాష అదొక్కటే. మైకు మొత్తం ఆగిందనుకున్నావు."

సుగుణన్ తలుపు వైపు చూశాడు. అక్కడ కానిస్టేబుల్ ఉన్నాడు.

"ఆ మందుకు చల్లదనం కావాలి. ఈ ఊళ్లో స్కూటర్ మీద ఐస్ పెట్టె ఉంటే చేపలనుకుంటారు. బయట ఇతని స్కూటర్ మీద ఒకటుంది, తీసి చూడండి."

మత్తి చేపల కింద, ఐస్‌లో, మందు పెట్టె దొరికింది.

ఫిలిపోస్ పెన్నుకు మూత పెట్టాడు. నాలుగింటి కాగితాన్ని మడిచి సొరుగులో పడేశాడు.

"హాల్లో జనం కంగారుపడుతున్నారు. ఏం జరిగిందో మలయాళంలో ఒకసారి చెప్పేస్తే సరిపోదా?"

"సరిపోయేదైతే మీ దొంగ ఇంటికి పోయి చేపల పులుసు తినేవాడు డాక్టర్ గారూ," అన్నాడు నంబ్యార్.

వేదావతి చల్లారిన టీ ఒక గుక్క తాగి తన గదిలోకి వెళ్లింది. ఈసారి తుళుతో మొదలుపెట్టింది.

నంబ్యార్ బెంచీ మీద కూలబడి మోకాళ్లు పట్టుకుని, మలయాళం వంతు కోసం ఎదురుచూశాడు. ఆరు నిమిషాల పాటు ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

మొత్తం విన్నాడు.